గవ్వల మెరుగు కోసం తాండూరుకు

ఉదయం తొమ్మిదింటికి వికారాబాద్ స్టేషన్‌లో తాండూరుకు టికెట్ తీసుకున్నాను. బండికి ఇంకా ఇరవై నిమిషాలుంది. బెంచీ మీద కూర్చోలేక ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరికి తిరిగాను. సంచిలో మా పక్క లంబాడీ తండాలో ఉండే చాందీబాయి తల్లి కుట్టిన గవ్వల ఓణీ ఉంది. తల్లిని లంబాడీలు యాడి అంటారు. ఆ యాడి ఇప్పుడు లేదు. రేపు తండాలో తీజ్ పండుగకు చాందీబాయి బిడ్డ ఆ ఓణీ వేసుకుని ఆడాలి.

చిరిగిన లోపలి అస్తరు మార్చమని చాందీబాయి నాకిచ్చింది. నేను ఇంట్లో మిషన్ కుడతాను. మట్టి పట్టిన గవ్వలు తెల్లబడతాయని ఒక అంచును బండలు కడిగే ఆసిడ్ నీళ్ళలో ముంచాను. నురగ లేచింది. తీసి చూస్తే పదకొండు గవ్వలు సుద్దముక్కల్లా ఉన్నాయి. యాభై దాటాక చదువు నేర్చుకున్నాను, సీసా మీద రాసింది చదవగలను. చదవలేదు.

బండిలో సీటు దొరికినా తలుపు దగ్గరే నిలబడ్డాను. కూరగాయల గంపతో ఉన్న ఒకామె నవ్వింది.

"గంత పరేషానేంది అక్కా? బండి కంటె ముందుగాల ఉర్కుతవా?"

పదిన్నరకు తాండూరులో దిగాను. ఇడ్లీ సగం తిని వదిలేసి, బజారులో ఎద్దుల గజ్జెలు, గవ్వల మెడపట్టీలు అమ్మే దుకాణానికి వెళ్ళాను. యజమాని ఖాదర్ చాచా ఓణీ అంచు వేలితో రుద్ది చూశాడు.

"ఆసిడ్ పోసినవా అమ్మా? గవ్వ గూడ మా తాండూరు బండ లెక్కనే, సున్నమే గద."

"పాలిష్ పెడితే మెరుగు రాదా చాచా?"

"బండకు మనం పెడతం. దీనికి లోపలి నత్త పెట్టుకున్నది. అది సచ్చినంక ఎవలు పెడ్తరు?"

చిటికెనవేలి గోరంత గవ్వలు పదకొండు ఏరి ఇచ్చాడు. ప్లాస్టిక్‌వీ అమ్ముతారు, కొనేవాళ్ళు పంటికి తట్టి చూసుకోండి. అసలుది రాయిలా టకటకమంటుంది.

"కుట్టెయ్యి. ఎవలకెర్క అయితది?" అన్నాడు చాచా.

పాతవి వెన్నరంగు, ఇవి తెలుపు. పసుపు రుద్దితే కలుస్తాయేమోనని తిరుగు బండి ఎక్కేదాకా ఆలోచించాను. బండి కదిలిందో లేదో చాందీబాయి ఫోను.

"అక్కా, అయిందా?"

జరిగింది చెప్పేశాను.

"పాడైన పాతయి కోసినవా?"

"ఇంకా లేదు."

"కొయ్యకు. అది మా యాడి కుట్టు. కొత్తయి కింది వరసల కుట్టు. ఇగ రేపు నువ్వు గూడ రావాలె. గా తెల్లయి ఏందని అందరు అడుగుతరు. నేనైతే చెప్ప. నువ్వే చెప్పు."

సూది తీసి కుట్టడం మొదలుపెట్టాను. వికారాబాద్ వచ్చేలోపు నాలుగు గవ్వలు కుట్టాను, అందులో రెండు వంకర. తాండూరు దారి చిన్నదే, వెళ్తే గవ్వలూ దొరుకుతాయి. రేపు ఆ ఆడవాళ్ళందరి ముందు ఏ మాటతో మొదలుపెట్టాలో మాత్రం ఇల్లు చేరినా తోచలేదు.