ఆపరేషన్ గది ముందు నన్ను కొట్టిందెవరు

దెయ్యం మాటెత్తితే నాకు నవ్వొచ్చేది. శ్మశానం పక్క కళ్లంలో మిరపకాయలకు కావలిగా ఒక్కణ్ణే పడుకున్నవాణ్ణి. పాము కనపడింది, దొంగ కనపడ్డాడు, దెయ్యం ఏనాడూ కనపడలేదు. నలభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, సింగారించి రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

సాగరు కాలవ నీళ్లు ఇంకా మా చేలకు రాని రోజులు. నేనూ, నాతో పనిచేసే కాసిమూ బోరాల్లో, అంటే పెద్ద గోనె సంచుల్లో, మిరపకాయలు పోసి, లోపల నిలబడి కాళ్లతో తొక్కేవాళ్లం. నిండిన బోరాలు మోసేదీ మేమే. మోసీ మోసీ ఇద్దరికీ గజ్జల్లో పేగు జారింది. గుడ్డ బిగించి కట్టుకుని కొన్నాళ్లు లాగాం. ఇప్పటికిప్పుడు ప్రాణం మీదికి వచ్చిందేమీ లేదు, తీరిక చూసుకుని కోయించుకోమన్నారు. కాయ పని అయిపోయాక ఇద్దరం గుంటూరులో ఒక ఆసుపత్రిలో చేరాం. దాని పేరు రాయను.

ముందురోజు నర్సమ్మ వచ్చి, జలుబుగానీ దగ్గుగానీ ఉంటే ఇప్పుడే చెప్పమంది. జలుబుతో మత్తుమందు పీలిస్తే గొంతు మూసుకుపోయి ఊపిరాడదని, తగ్గాక చేయించుకుంటే పోయేదేమీ లేదని విడమర్చి చెప్పింది.

మా ఇద్దరికీ ముక్కులు కారుతూనే ఉన్నాయి. కానీ మిరపకాయ పనివాళ్లం దాన్ని జలుబు అనం. పని ఉన్నన్నాళ్లూ మాకు తుమ్ములే.

“కాయ తొక్కేవాడికి ముక్కు కారకపోతేనే జబ్బండి. ఇది ఘాటు,” అన్నాడు కాసిం. నేనూ అదే అన్నాను. మా గుడ్డలకు పట్టిన కారానికి నర్సమ్మకే తుమ్మొచ్చింది. నవ్వుకుంటూ వెళ్లిపోయింది. మేం కళ్లం వదిలి వారం దాటిందని ఆమెకు తెలియదు. ఘాటైతే ఈపాటికి తగ్గాలని మాకు తట్టలేదు.

మర్నాడు పొద్దున ఆపరేషన్ గది ముందు వరండాలో నన్ను స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. ముందు నేను, తర్వాత కాసిం. వాడు ఎదురు గోడవారన బల్ల మీద భార్య హుసేన్‌బీ పక్కన కూర్చున్నాడు. ఎండ బాగా వచ్చింది. మనుషులు తిరుగుతున్నారు.

ఫెడీమని నా చెంప మీద పడింది. చెవి గింగుర్లెత్తింది.

“ఏరా, చేతులు దురద పెడుతున్నాయా?” అని తల తిప్పాను. కాసిం బల్ల మీదే ఉన్నాడు. వాడి నోరు తెరుచుకుపోయి ఉంది.

రెండో దెబ్బ మూతి మీద. ముందు పన్ను ఊడి నాలుక మీద పడింది. జుట్టు పట్టి నా తలను స్ట్రెచర్ ఇనప కమ్మీకేసి కొట్టారు. కనుబొమ చీలింది. కింద పడేసి డొక్కలో తన్నారు, మళ్లీ తన్నారు. బోరాలు మోసినవాణ్ణి, ఊరికే పడతానా? లేచి పిడికిళ్లు విసిరాను. ఒక్కటీ ఎవరికీ తగల్లేదు. గోడకు తగిలి నా వేళ్ల తోలే లేచింది. వరండా గచ్చంతా నా నెత్తురు. చుట్టూ జనం మూగారుగానీ నా మీద చెయ్యేసినవాడు ఒక్కడూ లేడు.

మూర్ఛ అన్నారు. అంతకు ముందుగానీ తర్వాతగానీ నాకు మూర్ఛ లేదు. మూర్ఛలో తల పగలొచ్చు, పన్ను ఊడొచ్చు. చెంప మీద ఐదు వేళ్లూ తేలాయి, అదెలాగ? నర్సమ్మ చూసింది. హుసేన్‌బీ చూసింది.

నన్ను పక్కకు లాగి కుట్లు వేస్తున్నారు. నా వంతులో కాసింను స్ట్రెచర్ ఎక్కించారు. వాడు నా పక్కగా పోతూ, “ఒరేయ్, నువ్వు తీరిగ్గా తన్నులు తిను. నేను కోయించుకుని వస్తా,” అన్నాడు.

తలుపు మూశారు. కాసేపటికి లోపల దగ్గు. తర్వాత పీక నొక్కినట్టు ఒక కూత. ఇనప సామాను కింద పడింది. “పట్టుకోండి, కాళ్లు పట్టుకోండి” అని డాక్టరుగారి గొంతు. బల్ల దడదడలాడింది. ఎద్దును పడగొట్టి కాళ్లు కట్టేటప్పుడు అలా కొట్టుకుంటుంది. ఆ చప్పుడు ఆగిపోయింది.

డాక్టరుగారు బయటికొచ్చారు. చేతుల మీద కాసిం గోళ్ల గీతలు నెత్తురోడుతున్నాయి. నేరుగా నా దగ్గరికొచ్చి, నోరు తెరిపించి చూశారు. నా ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నారు.

“నీకూ ఉందయ్యా జలుబు. ముందు నిన్ను తీసుకెళ్లి ఉంటే పోయేది నువ్వు,” అన్నారు.

ఆ మాట హుసేన్‌బీ వింది. నన్నే ముందు లోపలికి తీసుకెళ్లి ఉంటే, నేను పోయాక కాసింను పరీక్ష చేసి ఇంటికి పంపేవాళ్లని ఆమెకూ అర్థమైంది. శవాన్ని బండెక్కించాక నా దగ్గరికొచ్చి నిలబడింది.

“అన్నా, నిన్నంత కొట్టారే. ఆయన్ని ఒక్క దెబ్బన్నా ఎందుకు కొట్టలేదు?” అంది.



తర్వాత మా పాస్టరుగారికి చెప్పుకున్నాను. నిన్ను కాపాడింది దేవుడి చెయ్యి అన్నారు. దర్గా దగ్గర ఫకీరు విని, ఏదో దుష్టశక్తి అన్నాడు. ఇద్దరి మాటా నాకు ఎక్కలేదు. దేవుడు అందామంటే కాసిం అడ్డొస్తాడు. దెయ్యం అందామంటే నేను అడ్డొస్తాను, బతికే ఉన్నాను గనక.