ఉరుకుందమ్మ గుహలో దీపం

విత్తనానికి శనక్కాయలు ఒలిచే రోజుల్లో కూలివాళ్లంతా ఉరుకుందమ్మ చుట్టూ చేరేవాళ్లు. ఆమె కథలో నడవాల్సింది వినేవాళ్లే. "గుహలోకి వచ్చినావు, ఇప్పుడేం చేస్తావు?" అని అడిగి, వాళ్లు చెప్పినదాన్నిబట్టి కథను ముందుకు నడిపేది. వెంట తెచ్చుకోనిది లోపల దొరకదు. అది ఆమె పెట్టిన కట్టుబాటు.

ఆ రోజు వంతు గిడ్డమ్మది. కూలికి కొత్తగా వచ్చిన ఆమె నలుగురిలో నోరు విప్పడం అదే మొదలు. "ఆకలైతే తింటా, దీపంతోపాటు ఒడినిండా శనక్కాయలు తీసుకుపోతా" అంటే అందరూ నవ్వినారు. తీరా గుహ నడుమకు పోయేసరికి నూనె అయిపోయి దీపం కొడిగట్టింది.

"ఇంకేముండాదక్కా? చీకట్లో దారి యాడ కనపడతాది? గిడ్డమ్మ ఆట అయిపాయ," అన్నాడు పక్కన ఒలుస్తున్న ఓబన్న.

గిడ్డమ్మ తల దించుకుంది. ఏ దేవతనో దింపి వెలుగు ఇప్పిద్దామా అనిపించింది ఉరుకుందమ్మకు. ఇప్పిస్తే రేపటినుంచి ఆ గుహకు ఎవరూ భయపడరు.

"నీ ఒడిలో ఏముండాదే?" అని మాత్రం అడిగింది.

గిడ్డమ్మ చేతిలోని గింజను నలిపింది. వేలికి జిడ్డు అంటింది.

"రాయిమీద నూరి నూనె పిండుతా!"

"తినేదానికి కదా తెచ్చుకున్యావు?" అన్నాడు ఓబన్న.

"ఆకలితోనే నడుస్తాలేప్పా."

ఈసారి ఓబన్న మెచ్చుకోలుగా నవ్వినాడు.

"అయితే పా," అంది ఉరుకుందమ్మ. "ముందర రెండు దారులుండాయి. ఏ పక్కకు పోతావు?"