మామిడి పాకలో పియానో

నిన్న పొద్దున్న పక్క తోట కౌలుదారు ఫోన్ చేసి, "అమ్మగారూ, మీ దగ్గర కోతుల్ని తరిమే మ్యూజిక్ ఉందంట కదండీ, వాట్సాప్‌లో కాస్త పంపించండి" అన్నాడు. "కోతుల కోసమైతే పంపను. మీరు కూర్చుని వింటానంటే పంపుతాను" అన్నాను. ఆయన నవ్వేసి పెట్టేశాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

అది కోతుల మ్యూజిక్ కాదు. రెండు వందల ఏళ్ళ కిందట యూరప్‌లో ఒకాయన రాసిన పియానో కన్సర్టో. పియానో ఒకవైపు, పెద్ద వాద్యబృందం ఒకవైపు కూర్చుని మాట్లాడుకున్నట్టు ఉంటుంది. చిన్నప్పుడు కాన్వెంట్ హాస్టల్లో పియానో వాయించే సిస్టర్‌గారి పక్కన నిలబడి పేజీలు తిప్పడం నా పని. వింటూ వింటూ తిప్పడం మరిచిపోయి తిట్లు తినేదాన్ని. ఆ తర్వాత పెళ్ళి, నూజివీడు, మామిడి. మూడేళ్ళ కిందట చలికాలంలో కాలు విరిగి మంచాన పడ్డప్పుడు, అందరికీ తెలిసిన కన్సర్టో ఒకటి ఫోన్‌లో విన్నాను. అది అయిపోగానే ఫోన్ తనంతట తనే ఇంకొకటి మొదలుపెట్టింది. రాసినాయన పేరు ఎప్పుడూ వినలేదు. బతికున్నప్పుడు జనం ఎగబడి విన్నారట. తర్వాత ఇంకా పెద్ద పేరొకటి వచ్చేసరికి ఆయన్ని అటకెక్కించేశారు. వెతికితే అలాంటివాళ్ళు డజను మంది తేలారు. ఎంత అన్యాయం! ఆ చలికాలమంతా ఒక్కొక్కరినే కిందికి దించుకుని విన్నాను.

వేసవికి కాలు నేలకి ఆనింది. తోటకెళ్ళి, కాయలు ఏరే పాకలో కూర్చోవడం మొదలుపెట్టాను. తోట పెత్తనమంతా మా బావగారిది. కోతుల కోసం ఆయన పెద్ద స్పీకరు కొని పులి గాండ్రింపు పెట్టించారు. రెండు రోజులు భయపడ్డాయి. మూడో రోజు ఆ స్పీకరు మీదే కూర్చుని చిన్నరసాలు చీకాయి. బావగారు లేని సమయం చూసి నా కన్సర్టో పెట్టాను. మొదటి మూడు నాలుగు నిమిషాలూ వాద్యబృందమే మోగుతుంది. పియానో వస్తుంది ఆగండి అంటే, కాయలు ఏరే ఆడవాళ్ళు "పెళ్ళికూతురు ముస్తాబు ఇంకా అవలేదాండీ?" అని నవ్వారు. సరిగ్గా పియానో అందుకునేసరికి కోతుల గుంపు లేచి పక్క తోటలోకి దూకింది. అక్కడ కాయ బాగా పండి ఉంది, అదీ అసలు కారణం. కానీ బావగారు అప్పుడే గేటు దగ్గర బండి దిగారు.

"ఇదేదో బాగా పనిచేస్తుందే అమ్మాయ్! పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే మోగనీ" అన్నారు.

రోజంతా మోగింది. ఆపమన్నవాళ్ళు లేరు. అయినా సాయంత్రానికి నాకు ఏడుపొచ్చింది. విన్నవాళ్ళూ లేరు మరి. ఆ మహానుభావుణ్ణి ఈసారి నా చేతులతోనే అటకెక్కించాను. మర్నాడు చేతికర్ర పట్టుకుని వెళ్ళి, స్పీకరు వైరు పీకి పాకలోకి తెప్పించాను.

"కోతులకి మీ పులి పెట్టుకోండి బావగారూ. ఇది మనుషులకి. భోజనాలయ్యాక అరగంట స్పీకరు నాది."

నలభై ఏళ్ళలో ఆయనకి ఎదురుచెప్పడం అదే మొదటిసారి. "అంత గొప్పదైతే లోకం ఎందుకు మర్చిపోయిందమ్మా?" అన్నారు. "లోకం మర్చిపోతే నేనూ మర్చిపోవాలా?" అన్నాను.

ఆ మధ్యాహ్నం నెమ్మదిగా నడిచే రెండో భాగం వచ్చేసరికి, వరిగడ్డిలో మాగుతున్న కాయల వాసనకి ఆడవాళ్ళు నడుం వాల్చారు. నిద్రపోయారనుకున్నాను. అయిపోయాక వాళ్ళలో పెద్దావిడ కళ్ళు తెరవకుండానే, "ఆ నెమ్మదిగా వాయించింది మళ్ళీ పెట్టండమ్మగారూ. మా అమ్మ గుర్తొచ్చింది" అంది. మళ్ళీ పెట్టాను. అరగంట దాటిపోయింది. గుమ్మంలో నిలబడ్డ బావగారు వాచీ చూసుకుని, అక్కడే గుమ్మానికి ఆనుకున్నారు.

ఇప్పటికీ వేసవి వస్తే ఆ అరగంట నాదే. మంచిదైతే కాలమే నిలబెడుతుందని చదువుకున్నవాళ్ళు అంటుంటారు. ఆ మాట నేను నమ్మను. ఎవరో ఒకరు మొండికేసి పట్టుకుని కూర్చుంటే తప్ప కాలం దేన్నీ ఉంచదు.