కొండకు చీపురు

శనివారాలు మేం కొందరం విజయవాడ శివారు కొండకు వెళ్లి, నడిచేవాళ్ల కోసం కాలిబాట మీది ముళ్లకంపలు కొట్టి, జారిన రాళ్లు సర్దేవాళ్లం. మాతో వచ్చే పటమట ఆంటీగారు మాత్రం కొబ్బరి చీపురుతో బాటంతా వాకిలిలా ఊడ్చేవారు.

"ఆకులుంటేనే వానకు మట్టి కొట్టుకుపోదండీ" అని మేమంటే, "నలుగురూ నడిచే దారండీ" అనేవారు.

ఇక చీపురు మాన్పించాల్సిందే అనుకున్న రోజున ఒక కుటుంబం, అంత శుభ్రమైన దారి చూసి పైన గుడి ఉందనుకుని, చెప్పులు కిందే విడిచి కొండెక్కింది. పైన రాళ్లే కనపడేసరికి దిగొచ్చి, ఆ ఇంటావిడ ఆంటీగారినే అడిగారు.

"గుడి ఎటండీ?"

చర్చిలో పాటలు పాడించే ఆంటీగారు వాళ్ల వట్టికాళ్లు చూశారు.

"ముల్లేమన్నా గుచ్చుకుందా అమ్మా?"

"ఒక్కటీ లేదండీ."

ముళ్లు కొట్టింది మేమే అయినా, ఆంటీగారు మావైపు తిరిగి చీపురు ఎత్తి చూపించారు.