ఛాంపియన్ గారి కోసం తవ్విన గొయ్యి

తాటిపాకకు నాలుగు మైళ్ల అవతల, సరుగుడు తప్ప మరేదీ మొలవడానికి ఒప్పుకోని ఇసక మెరకలో, 1981లో ఒక బోర్లు తవ్వే కంపెనీ ఆఫీసర్లు గోల్ఫు మొదలుపెట్టారు. బంతి వేయడానికి మొత్తం అయిదు గుంటలు. ఆ గుంటలకూ, చుట్టూ ఉన్న గడ్డికీ, ఆ గడ్డి మీద ఆశతో వచ్చే గేదెలకూ సర్వాధికారి జ్ఞానప్రకాశం. హోదా మాత్రం మస్టరు కూలీ. పొద్దున్నే మస్టరులో పేరెక్కితేనే ఆ రోజుకు ఉద్యోగం.

అతని కోరిక ఒక్కటే, పర్మనెంటు కాగితం. దాని మీద సంతకం పెట్టవలసినవారు క్యాంపు మేనేజరు సత్యనారాయణమూర్తి గారు. ఆయన ప్రతి ఆదివారం గోల్ఫు ఆడేవారు. అనగా, నూరు గజాల దూరంలోని పంటబోదె నీళ్లలోకి బంతిని పంపేవారు. తీసేవాడు జ్ఞానప్రకాశం. నాలుగేళ్లు తీసి తీసి, ఎవరి బంతి ఎక్కడ పడుతుందో అతనికి కీర్తనల్లాగా కంఠతా వచ్చేసింది.

1985లో మస్టరు నుంచి పదకొండు పేర్లు కొట్టేశారు. పన్నెండోది తనదేనేమోనని అతనికి అన్నం సయించని రోజుల్లోనే బొంబాయి నుంచి కబురొచ్చింది. గోల్ఫే వృత్తిగా బతికే ఛాంపియన్ ఒకాయన వస్తున్నారు, మేనేజరు గారితో ఆడతారు.

మేనేజరు గారు జ్ఞానప్రకాశాన్ని పిలిపించారు. "ఏమయ్యా, ఆయన మన కోర్సు చూసి పిల్లలాట అనుకోకూడదు. కష్టంగా ఉండాలి."

"ఆయ్."

"నాకు మాత్రం కష్టంగా ఉండకూడదు."

"ఆయ్... రెండూ ఒకే నేల మీదేనాండి?"

"ఒకే నేల మీదే. అది చెయ్యి, నీ కాగితం సంగతి చూస్తాను."

ఇంటికొచ్చి చెబితే భార్య కృపమ్మ, "ఒకే కుండలో కూర వండి, ఒకళ్లకే ఉప్పు తగలకూడదన్నట్టుందండీ ఆయన వరస," అంది.

రెండు రోజులు మథనపడ్డాక జ్ఞానప్రకాశానికి దారి దొరికింది. బోదె సామాన్యుల శత్రువు. ఛాంపియన్ దాన్ని చూడనైనా చూడకుండా మీంచి కొట్టేస్తాడు. కాబట్టి బోదె మీద తాటిపట్టెలు పరిచి, మేనేజరు గారి బంతి దొర్లుకుంటూ దాటేలా చేశాడు. ఆ పైన రెండు వందల ఇరవయ్యో గజం దగ్గర, గొప్పవాళ్ల బంతులు దిగే చోట, నడుము లోతు గొయ్యి తవ్వి అడుగున మెత్తని ఇసక పోశాడు.

"మరి మీ అయ్యగారి బంతి అందులో పడితేనో?" అంది కృపమ్మ.

"అక్కడిదాకా వెళ్లాలంటే దాన్ని కాకెత్తుకెళ్లాలే."

ఆట రోజున ఛాంపియన్ కొట్టిన బంతి మర్యాదగా వెళ్లి గోతిలో దిగింది. ఆయన ముఖం వికసించింది. కష్టమెదురైతే ఆ జాతివారికి పండగ.

తరువాత సత్యనారాయణమూర్తి గారు కొట్టారు. తాటిపట్టెల అవసరం రాలేదు. ఆయన జీవితంలో మొట్టమొదటిసారి బంతి గాలిలోకి లేచింది. లేచి, బోదె దాటి, ఎండలో మెరుస్తూ వెళ్లి, ఛాంపియన్ బంతి పక్కనే గోతిలో పడింది.

జ్ఞానప్రకాశం ఆకాశంలో కాకి కోసం వెతికాడు.

ఛాంపియన్ ఒక్క దెబ్బకి బయటపడ్డాడు. మేనేజరు గారికి తొమ్మిది పట్టాయి. ఆరో దెబ్బ నుంచి ఛాంపియన్ సభ్యత కొద్దీ సరుగుడు చెట్లను పరిశీలించసాగాడు. బయటికొచ్చిన మేనేజరు గారి కళ్లజోడులోనూ చెవుల్లోనూ ఇసకే.

సోమవారం ఆజ్ఞ వెలువడింది. "పూడ్చెయ్."

"అయ్యగారూ, నా కాగితం..."

"ఏ కాగితం?"

పూడ్చాడు. పది రోజులకి ఛాంపియన్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అంత తెలివైన గొయ్యి పెద్ద కోర్సుల్లో కూడా చూడలేదట. వచ్చే ఏడు స్నేహితులతో వస్తాడట. దాన్ని కదిలించవద్దట.

"మళ్లీ తవ్వు," అన్నారు మేనేజరు గారు.

తవ్వాక చూడటానికొచ్చి కళ్లు చిట్లించారు. "ఇది పాత చోటు కాదే?"

"కాదండి. ముప్పై గజాలు అవతలికి జరిపేనండి."

"ఎందుకూ?"

జ్ఞానప్రకాశం తలగుడ్డ తీసి చేత్తో నలిపాడు. "తమరు మళ్లీ అలా కొట్టేస్తారేమోనని భయవేసిందండి."

వెటకారమేమోనని మేనేజరు గారు అతని ముఖమంతా వెతికారు. దొరకలేదు. అక్కడున్నది నిఖార్సయిన భయం. తను అంత దూరం కొట్టగలడని ఈ భూమ్మీద మరెవరూ, ఇంట్లో ఆవిడతో సహా, అనుమానించిన పాపాన పోలేదు.

ఆ సాయంత్రమే సంతకం పెట్టారు.

వానాకాలానికి తాటిపట్టెలు కుళ్లి కూలిపోయాయి. పర్మనెంటు ఉద్యోగి హోదాలో జ్ఞానప్రకాశం మోకాలి లోతు నీళ్లలోకి దిగి బంతి కోసం వెతుకుతుంటే, సత్యనారాయణమూర్తి గారు గట్టు మీద నిలబడి, దూరంగా జరిగిన ఆ గొయ్యి వంకే చూస్తున్నారు.