అన్నియ్య ఆంప్లిఫయరూ, నా నోటి మాటా

మొన్న ఆదివారం చర్చి నుంచి రాగానే మా అమ్మాయి అగ్గిపెట్టెంత నల్లడబ్బా ఒకటి తెచ్చి, "మావయ్య పాత ఆంప్లిఫయర్‌కి ఇది తగిలిస్తే చాలమ్మా, ఫోన్లో పాట పెడితే తీగల్లేకుండానే మోగుతాది" అంది. తగిలించడమంటే అంత తేలికా! డబ్బా తీగకి ఎర్రదీ తెల్లదీ రెండు పిన్నులు. మా అన్నియ్య సొంతంగా కట్టుకున్న ఆంప్లిఫయర్ వెనకాలేమో అయిదు చిల్లుల గుండ్రటి సాకెట్టు. అన్నియ్య కళ్ళజోడు సర్దుకుని, టంకం పెట్టే తాతాల్ వేడిచేసి, పాత పిన్నుకి కొత్త తీగ అతకడానికి కూర్చున్నాడు. నేను మాత్రం ఆ పెట్టె మూత మీది సొట్టకేసి చూస్తూ ఉండిపోయాను. అది ఇనపరాడ్డు దెబ్బ. దానికి ముందు దెబ్బ పడింది అన్నియ్య కుడిచెవి మీద. రెంటికీ కారణం నా నోరు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మా నాన్నలాగే అన్నియ్య కూడా ఇక్కడ బెంగాల్లో, గార్డెన్ రీచ్ రేవులో కలాసీ. రాజ్యం ఎర్రజెండాదే అయినా మా గేటు దగ్గర యూనియన్లు రెండు, ఒకరి మొహం ఒకరికి గిట్టదు. సమ్మె రోజుల్లో ఓ మధ్యాహ్నం మా యూనియన్ మీటింగుకి అన్నియ్య పెట్టెనే స్టేజీ ఎక్కించారు. లీడరు వచ్చేదాకా పోరాటం పాటలు వెయ్యాలి. అన్నియ్యకి తోడుగా నేనూ స్టేజీ ఎక్కాను. అన్నియ్య క్యాసెట్ల మీద పేర్లు రాయడు, "నాకు తెలీదేటి?" అంటాడు. తెలిసింది పాపం! అన్ని జెండాల మధ్య, మా చర్చిలో సమాధుల దగ్గర పాడే కీర్తన మొదలైంది. ముందు వరసలో వాళ్ళు పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. మైకు నా మొహం ముందే ఉంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకునే బుద్ధి ఉంటేనా! "అన్నియ్యా, మార్చేయ్! మార్చేయ్!" అని అరిచాను.

క్యాసెట్టు మార్చమన్నాను, అంతే. బెంగాలీలో 'మార్ఛే' అంటే కొడుతున్నారని. మా హారన్లో ఎవరి గొంతైనా కాకిగొంతే, ఆడో మగో కూడా తెలీదు. రోడ్డు మలుపులో నిలబడ్డ మా యూనియన్ బెంగాలీలకి స్టేజీ కనబడదు. కొడుతున్నారని విని జెండాకర్రలు పట్టుకుని అవతలి యూనియన్ మీద పడ్డారు. వాళ్ళు ఇటుకలూ రాడ్లూ తీశారు. నా కళ్ళముందే ఒకతని మూతి పగిలి పళ్ళు చొక్కా మీద రాలాయి. కింద పడ్డవాణ్ణి, మావాడో పరాయివాడో చూడకుండా, కడుపులో తన్నారు. అన్నియ్య పారిపోలేదు, పెట్టె మీద బోర్లా పడి కావలించుకున్నాడు. రాడ్డు చెవి మీద దిగింది. రక్తం ఆంప్లిఫయర్ చిల్లుల్లోంచి లోపలికి కారుతుంటే ఆ కీర్తన ఇంకా మోగుతూనే ఉంది. దేవుడా, ఆ పాట ఇప్పటికీ వినలేను.

తర్వాత మా లీడర్లు ఇంటికొచ్చి, మైకులో అరిచిందెవరని నిలదీశారు. తలకి కట్టుతో అన్నియ్య "నానే, దాదా" అన్నాడు. నేను తలుపు వెనకాలే ఉన్నాను, నోరు విప్పలేదు. యూనియన్ కార్డు లాగేసుకున్నారు. వారానికి అవతలివాళ్ళు రేషన్ షాపు ముందు పట్టుకుని, అబద్ధమాడి మావాళ్ళని కొట్టిస్తావా అంటూ ఎడంచెయ్యి విరగ్గొట్టారు. అప్పుడూ నా పేరు చెప్పలేదు. అప్పుడూ నేను నోరు విప్పలేదు. సిగ్గులేనిదాన్ని.

ఆ రోజు నుంచి మా అమ్మ ఆ మాట ఇంట్లో వినబడకూడదంది. చీర మార్చుకోవాలన్నా చిల్లర మార్చాలన్నా 'పాల్టాయించడం' అనే బెంగాలీ ముక్కే. ఊరి నుంచొచ్చిన చుట్టాలు ఇదేటి తెలుగే అని నవ్వేవారు. అన్నియ్యకి కుడిచెవి పూర్తిగా పోయింది. ఎన్నోసార్లు ఆ పక్కన కూర్చుని "నన్ను క్షమించు అన్నియ్యా" అని గొణిగాను, వినబడదని తెలిసే.

మొన్న టంకం ఆరగానే అమ్మాయి ఫోన్ నా చేతిలో పెట్టింది. డబ్బాలో నీలం దీపం వెలిగింది, పాత స్పీకర్లు గుర్రుమని ఏదో కొత్త పాట అందుకున్నాయి. అన్నియ్య ఎడంచెవి అటు తిప్పి కాసేపు విన్నాడు.

"ఏటే ఈ గోల? మార్చేయ్."

ఫోన్ అలాగే పట్టుకుని లేచి వెళ్ళి ఎడంపక్కన కూర్చున్నాను. "అన్నియ్యా, ఆ రోజు అరిచింది నానే. నీ చెవి పోయిందీ, చెయ్యి విరిగిందీ నావల్లే. నన్ను క్షమించు."

"పక్కనే ఉన్నాను కదే, నాకు తెలీదేటి? ముందు ఆ పాట మార్చేయ్."

ఏడుస్తూనే మార్చాను. పాట తీగ లేకుండా రెప్పపాటులో గది దాటింది, నేను ఆ కుర్చీకి కుడిపక్క నుంచి ఎడంపక్కకి రావడానికి ముప్పయ్యేళ్ళు పట్టింది.