మనవరాలి గొంతు, నా చెవులు

మా మనవరాలు ఒక్క కేక పెడితే సిరిసిల్ల సగం లేచి నిలబడిందని చెప్పుకుంటాను. నిజానికి ఉలిక్కిపడింది ఒకటో తరగతి పిల్లలు. బడిలో చేరిన కొత్తలో, హాజరు పిలిస్తే "ప్రెజెంట్ టీచర్" అని అరిచింది. పక్క పిల్ల చేతిలో పెన్సిల్ డబ్బా జారిపడింది. తరగతంతా నవ్వింది.

ఆ రోజు నుంచి పిల్ల బడిలో నోరు తెరవలేదు. టిఫిన్ డబ్బాలో అన్నం పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చేది. ఇంట్లోనూ తల ఊపడమే. టీచరమ్మ మా కోడలిని పిలిచి, "చెవులు ఒకసారి చూపియ్యుండ్రమ్మా. సక్కగ వినపడని పిల్లలే ఇట్ల గట్టిగ ఒర్రుతరు" అన్నదట.

నాకు రోషమొచ్చింది. మా ముందు గదిలో పొద్దంతా మరమగ్గాలు దడదడలాడతాయి. మేము సాంచాలంటాం.

"సాంచాల ఇంట్ల పుట్టినోళ్లం. మాకు గుసగుసలు రావు" అన్నాను.

"నేను గూడ గీ ఇంట్లనే ఉన్న గద మామా. నేను ఒర్రుతున్ననా?" అంది కోడలు.

నేను చాయ్ తాగడానికి బయటికెళ్లిపోయాను.

కోరుట్లలో ఉండే మా బిడ్డ ఒక చెవుల డాక్టరు పేరు చెబితే, కోడలు, పిల్ల, నేను జగిత్యాల బస్సెక్కాం. దారంతా పిల్ల కిటికీలోంచి చూసిందే తప్ప ఒక్క మాట లేదు. ఆ లోటు నేనే పూడ్చాను. వయసులో ఉన్నప్పుడు నేను సిరిసిల్లలో పిలిస్తే వేములవాడలో పలికేవారని పక్క సీటాయనకు చెప్పాను. నిజానికి వీధి చివరి హోటలు దాకా వినబడేది. అదీ గాలి అటు వీస్తే.

డాక్టరు పిల్లకు హెడ్‌ఫోన్ పెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా చెయ్యెత్తమన్నాడు. చకచకా ఎత్తింది. చెవులకేమీ లేదన్నాడు. అయినా పిల్ల మొహం విప్పారలేదు.

"నాకు గూడ పెట్టుండ్రి సార్. దీనికి ఎవలి చెవులొచ్చినయో తెలుస్తది" అని కూర్చున్నాను.

డాక్టరు మీట నొక్కినప్పుడల్లా ఠంచనుగా చెయ్యి లేపాను. వెనకనుంచి పిల్ల ఏదో అన్నదట. డాక్టరు నా హెడ్‌ఫోన్ తీసి, "మనవరాలు ఏమన్నదో విన్నరా?" అని గట్టిగా అడిగాడు.

"ఏమన్నది?"

"తాత వింటలేడు, మీ వేలు చూస్తుండు అన్నది" అంది కోడలు.

డాక్టరు ఈసారి నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను ఓపిగ్గా ఎదురుచూశాను. చివరికి, "షురూ చెయ్యుండ్రి సార్" అన్నాను.

"అయిపోయింది పెద్దాయినా."

పిల్ల పడీ పడీ నవ్వింది. దాని గొంతు విని ఎన్నాళ్లయిందో.

"ఇంట్ల పాప ఎక్కువ ఎవలితోని ఉంటది?" అని డాక్టరు అడిగాడు.

"మా మామతోనే సార్. మెల్లగ చెప్తే వినడు. గందుకే పిల్ల ఒర్రుడు నేర్చింది."

నా చెవికి మిషన్ వచ్చింది. సాయంత్రాలు ఇద్దరికీ తర్ఫీదు. సాంచాల దగ్గర ఒక గొంతు, బడిలో ఒక గొంతు, చాక్లెట్ అడగడానికి ఒక గొంతు. తలుపు వెనక నిలబడి చాక్లెట్ గొంతుతో అడిగేది. వినబడితే నేను కొనివ్వాలి. వినబడనట్టు నటిస్తే నేరుగా వచ్చి జేబులో చెయ్యి పెట్టేది.

ఒక సోమవారం వెంట వెళ్లి తరగతి కిటికీ పక్కన నక్కాను. హాజరు పిలిచారు. మా పిల్ల లేచి వెన్నలాంటి గొంతుతో "ప్రెజెంట్ టీచర్" అందనీ, ప్రతి అక్షరం నా చెవిన పడిందనీ వాడంతా చెప్పాను.

అసలు సంగతి, మిషన్ ఇంట్లో మరిచిపోయాను. దాని పెదాలు కదలడం చూశానంతే. ఏ డబ్బా కింద పడలేదు. ఒక్క పిల్ల కూడా తల తిప్పలేదు. కూర్చుంటూ అది కిటికీ వైపు చూసి, తన చెవి పట్టుకుని, ఏదీ అన్నట్టు చెయ్యి తిప్పింది.